నడుం నొప్పికి నీళ్ళలో నడక

పోయిన నెల ఇదే శీర్షికలో ఓ పాఠకుడికి జవాబిస్తూ, "కాస్త నెమ్మదించాక ఛాతీ లోతు నీళ్ళలో నడవండి, నడుముకి మంచిది" అని ఒకే ఒక్క వాక్యం రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ కలిపి ఒక ఫైలు నిండింది. నాగావళిలో నడవొచ్చా అని ఒకరు, బాత్రూం టబ్బు కొనుక్కోమంటారా అని ఒకరు, ఈత రానివాళ్ళ గతేంటని పదిమంది. అందుకని ఈసారి మోకాళ్ళనీ మెడల్నీ పక్కన పెట్టి నీళ్ళ ప్రశ్నలే తీసుకున్నాను. పేర్లు వేయట్లేదు, ఊళ్ళు మాత్రం ఉంచాను. అన్నిటికన్నా ముందు వేయాల్సిన ఉత్తరం ఒకటుంది.

"మా ఆయన పది రోజుల కిందట బస్తా ఎత్తుతుంటే నడుం పట్టేసింది. నాలుగు రోజులుగా కుడికాలు తిమ్మిరి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఒంటేలుకి వెళ్ళాలంటే చాలాసేపు నిలబడాల్సొస్తోంది. మీరు రాసిన నీళ్ళ వ్యాయామం ఎలా చేయించాలి?" – రాజాం

ఏదీ చేయించకూడదమ్మా. మీ ఉత్తరం కింద ఫోన్ నంబరుంది కాబట్టి సరిపోయింది. చదివిన వెంటనే ఫోన్ చేసి ఆ సాయంత్రమే విశాఖ తీసుకెళ్ళమన్నాను, మీరు తీసుకెళ్ళారు. ఆపరేషనైంది, ఒంటేలు ఇప్పుడు బాగానే వెళ్తున్నారని మొన్న చెప్పారు. పాదం మాత్రం ఇంకా పూర్తిగా పైకి లేవట్లేదు. నాలుగు రోజుల ముందే వెళ్ళుంటే అదీ లేచేదేమో. మిమ్మల్ని బాధపెట్టాలని కాదు, చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను.

వెన్నుపూసల లోపల కిందిభాగంలో నరాలు గుర్రం తోకలా కట్టకట్టి ఉంటాయి. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు గట్టిగా జారి ఆ కట్టని నొక్కేస్తే మూత్రం, మలం మీద పట్టు పోతుంది. సైకిల్ సీటు తగిలే చోటంతా మొద్దుబారుతుంది. పాదం వేలాడుతుంది. అప్పుడు లెక్క గంటల్లోనే, వారాల్లో కాదు. అంత తొందర లేకపోయినా, నీళ్ళలోకి దిగే ముందు డాక్టరు చూసి తీరాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి: సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం (మన దేశంలో వెన్నుకి టీబీ రావడం అరుదేం కాదు), ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, పడుకున్నా తగ్గకుండా రాత్రంతా వేధించే నొప్పి, అరవై దాటినవాళ్ళు జారిపడ్డాక వచ్చిన నొప్పి. ఇవేవీ లేని మామూలు నడుం నొప్పి గురించే ఇక కింద రాసేదంతా.

"నాకు 46 ఏళ్ళు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తాను. రోజుకి ఎనిమిది గంటలు కింద కూర్చునే పని. రెండేళ్ళుగా నడుం నొప్పి, వంగితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఎమ్మారై తీస్తే నడుం కింది పూసల్లో ఎల్‌ 4–ఎల్‌ 5 దగ్గర డిస్కు ఉబ్బిందన్నారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఈత కొడితే పోతుందని అందరూ అంటున్నారు. నాకు ఈత రాదు, నీళ్ళంటే భయం. పొద్దున్నే నొప్పి బిళ్ళ వేసుకోందే పనికి పోలేను. మాది ఉద్దానం ఊరు. నడుం నొప్పంటే కిడ్నీ పోయినట్టేనా మేడమ్?" – పలాస

మీ ఉత్తరంలో చివర రాసినవాటికే ముందు జవాబు చెప్పాలి.

నడుం నొప్పి వచ్చిందంటే కిడ్నీ పోయినట్టు కాదు. కిడ్నీలో రాయి ఉంటే నొప్పి ఉంటుంది. అదైనా పక్కటెముకల కింద పుట్టి గజ్జల్లోకి దిగుతుంది, మనిషిని మెలికలు తిప్పేస్తుంది. మన ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి వైపు ఇన్నేళ్ళుగా చూస్తున్న కిడ్నీ జబ్బు అలాంటిది కాదు. అది నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా వస్తుంది. అందుకే అదంత ప్రమాదం. వంగితే పెరిగి పడుకుంటే తగ్గే మీ నొప్పి నడుముదే.

కానీ రోజూ మింగే ఆ బిళ్ళ ఉంది చూడండి, దాంతో కిడ్నీకి సంబంధం ఉంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో పనిచేసి, నీళ్ళు సరిగా తాగక ఒళ్ళెండిపోయిన మనిషిలో అది మరీ ఎక్కువ. ఉద్దానంలో పుట్టి, అక్కడి నీళ్ళు తాగి పెరిగిన మీరు రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ బిళ్ళ వేసుకుంటున్నారంటే నాకు భయంగా ఉంది. ఈ వారంలోనే సీరం క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష చేయించుకోండి. మందుల షాపులో అడిగి కొనడం ఆపి, ఏ బిళ్ళ ఎన్నాళ్ళు వాడాలో డాక్టరునే అడగండి. నడుము బాగుపడటానికి ఎన్ని వారాలైనా పట్టనివ్వండి, ఈ పరీక్ష మాత్రం ఆపకండి.

ఇక ఎమ్మారై. ఆ కాగితం చూసి మీరు సగం నీరసపడ్డారని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. నొప్పి అన్నది ఎరగనివాళ్ళకి ఎమ్మారై తీసినా డిస్కు ఉబ్బులు కనిపిస్తాయి. ఇరవయ్యేళ్ళవాళ్ళలో వందకి ముప్ఫైమందికి, ఎనభై దాటినవాళ్ళలో వందకి ఎనభై నలుగురికి ఉంటాయని పరిశోధనలన్నీ కూడి 2015లో లెక్కతేల్చారు. జుట్టు నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. అది జబ్బు కాదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. బావిలో చేద వేసి తోడినప్పుడు మీకు గుర్తుందా? చేద నీళ్ళలో ఉన్నంతసేపు తాడు తేలిగ్గా వస్తుంది. నీటిమట్టం దాటి పైకి లేచిందో, భుజాలు లాగేస్తాయి. మన శరీరమూ ఆ చేద లాంటిదే. అరవై కిలోల మనిషి బొడ్డు లోతులో నిలబడితే కాళ్ళ మీద పడేది సగం, అంటే ముప్ఫై కిలోలే. రొమ్ము ఎముక కొస దాకా నీళ్ళుంటే ఇరవై చుట్టూ. మెడ దాకా అయితే ఆరు కిలోలు. నేల మీద అడుగేస్తే చురుక్కుమనే మనిషి నీళ్ళలో హాయిగా అడుగేయగలగడానికి కారణం ఇంతే. నీళ్ళలో మందేం కలపలేదు.

ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. నీళ్ళ వ్యాయామం అంటే ఈత కాదు. తలని నీళ్ళలో ముంచక్కర్లేదు, కాళ్ళు నేల వదలక్కర్లేదు. ఛాతీ లోతులో నిలబడి చేసేవే అన్నీ. ఈత రానివాళ్ళకి నేను చెప్పే మొదటిరోజు పాఠం ఇది: గోడ పక్కనున్న రాడ్డు పట్టుకుని ముందుకి ఐదు నిమిషాలు, పక్కకి ఐదు నిమిషాలు, వెనక్కి మూడు నిమిషాలు నడవడం. అంతే, ఇంటికి వెళ్ళిపోవడం. మెట్లు దిగేటప్పుడు పక్కన ఈత వచ్చిన మనిషి ఉండాలి. మీలాగే నీళ్ళంటే వణికే ఒకావిడ మా దగ్గర మొదటి రెండు రోజులూ మెట్ల మీదే కూర్చుని కాళ్ళు ఆడించింది. మూడోరోజు తనే దిగింది. ఎవరూ తోయలేదు, అందుకే దిగింది.

నాలుగైదు రోజులయ్యాక గోడకి వీపానించి, మడమలు గోడకి ఒక అడుగు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, ఊపిరి వదులుతూ నడుం వంపుని గోడకి అద్దండి. ఐదంకెలు లెక్కపెట్టి వదలండి. అలా పదిసార్లు. తర్వాత ఒక్కో మోకాలూ తొడ నేలకి సమంగా వచ్చేదాకా పైకి లేపడం. రాడ్డు పట్టుకుని కాలు పక్కకి ఊపడం. ఆఖర్న, రెండు అరచేతులూ చేటల్లా చాపి నీళ్ళని ముందుకి తోసి వెనక్కి లాగడం. చేతులు కదలాలి, నడుము మాత్రం గుంజలా నిలబడాలి. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ పొట్ట కండరాలకి నేను చూసినవాటిలో దీనంత మంచి పని లేదు. నీళ్ళు చిత్రమైనవి. మెల్లగా తోస్తే దారిస్తాయి. రెట్టింపు వేగంతో తోస్తే నాలుగింతలు ఎదురు తిరుగుతాయి. అందుకని బరువులు కొనక్కర్లేదు, వేగమే బరువు. మొదటి రెండు వారాలు మాత్రం వేగం జోలికి పోకండి.

వారానికి రెండు మూడు రోజులు, ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి నలభై దాకా. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. షాంఘైలో దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్న 113 మందిని తీసుకుని సగం మందికి వారానికి రెండుసార్లు గంటేసి నీళ్ళ వ్యాయామం, సగం మందికి కరెంటు, వేడి దీపాల చికిత్స మూడు నెలలపాటు ఇచ్చారు. 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. నీళ్ళలో చేసినవాళ్ళే ఏడాది తర్వాత కూడా ఎక్కువ బాగున్నారు. కరెంటు పెట్టించుకుని పడుకోవడం కన్నా కదలడం మేలని నేనెప్పుడూ పోరుతూనే ఉంటాను, ఆ పోరు పడలేక కొంతమంది మా క్లినిక్ మానేశారు కూడా.

నొప్పికి కొలత ఏమిటని అడుగుతారు. సున్నా నుంచి పదిలో మీ నొప్పి మూడుంటే, చేసేటప్పుడు ఐదు దాకా వెళ్ళినా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి మళ్ళీ మూడుకి రావాలి. రాకపోతే తర్వాతి రోజు సగమే చేయండి. నొప్పి పిక్కలోంచి తొడలోకి, తొడలోంచి నడుంలోకి పైకి ఎక్కుతుంటే, నడుంలో కాస్త పెరిగినా సరే, మంచిదే. కిందికి దిగుతుంటే ఆపేయండి.

నేను స్వయంగా చేసిన వెధవ పనొకటి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ కిందట, పనిచేసే ఆసుపత్రిలో ముగ్గురు పట్టాల్సిన పేషెంటుని నేనొక్కదాన్నే మంచం మీంచి కుర్చీలోకి మార్చబోయి నడుం విరగ్గొట్టుకున్నాను. మా అమ్మది నెల్లిమర్ల. ఇంటికొచ్చి, "ఊరందరి నడుములూ బాగుచేత్తావు, నీ నడుం ఎవులు బాగుచేత్తారే" అని నా మంచం పక్కన కూర్చుని చోడి అంబలి తాగించింది. మూడు వారాలయ్యాక విశాఖలో ఒక పూల్‌కి వెళ్ళాను. దిగగానే నొప్పి మాయం. నాకు ఏడుపొచ్చింది. ఆ సంబరంలో గంటంపావు ఎగిరాను, తిరిగాను, పక్కవాళ్ళకి పాఠాలు చెప్పాను. మెట్లెక్కి మూడో మెట్టు మీదకొచ్చేసరికి ఒళ్ళంతా ఇసుక బస్తా. రెండు రోజులు మంచం దిగలేదు. నీళ్ళలో ఉన్నంతసేపూ నొప్పి తెలియదు కాబట్టి ఎంత చేశామో కూడా తెలియదు. అందుకే నీళ్ళలో బాగుందని కాదు, గడియారం చూసి బయటికి రావాలి. వచ్చాక మెట్టు మీద రెండు నిమిషాలు కూర్చోవాలి. ఆ రోజుకి బిందెలు మోయకూడదు.

ఇంకో సంగతి. పలాసలో, మీ పని వేళల్లో, మీకందే పూల్ దొరక్కపోవచ్చు. దొరక్కపోతే కుంగిపోవద్దు. నీళ్ళు మనకిచ్చేది కదలడానికి ధైర్యం. ఆ కదలిక ఎలాగూ చివరికి నేల మీదకే తెచ్చుకోవాలి. పూల్ ఉన్నవాళ్ళకే నేను నాలుగో వారం నుంచి రోజు మార్చి రోజు నేల మీద నడక, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తడం, పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపు వంచి దించడం మొదలుపెట్టిస్తాను. మీరు వాటితోనే మొదలుపెట్టండి. పనిలో ప్రతి అరగంటకీ లేచి ఇరవై అడుగులు వేయండి. కూర్చునేచోట నాలుగంగుళాల ఎత్తు పీట వేసుకుని, పప్పు తట్టని ఒడిలో కాకుండా ఎదురుగా మరో పీట మీద పెట్టుకోండి. మేస్త్రీ ఏమన్నా అంటే, రోజుకి ఎన్ని కిలోలు తీశారో లెక్క చూపించండి. తగ్గదు.

"వయసు 67. రిటైర్డ్ టీచర్ని. బీపీ, షుగర్ ఉన్నాయి, గుండెలో స్టెంట్ వేశారు. మా అబ్బాయి స్విమ్మింగ్ పూల్‌లో చేర్పించాడు. నడుముకి సుఖంగానే ఉంది కానీ బయటికి రాగానే కళ్ళు తిరిగాయి. మానేయాలా?" – విజయనగరం

మేస్టారూ, మానేయొద్దు. కానీ మీ గుండె డాక్టరుకి చెప్పకుండా మళ్ళీ దిగొద్దు.

మీకు లెక్కలు ఇష్టమని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది (బీపీ రీడింగులు పట్టికగా గీసి పంపినవారు నాకు మీరొక్కరే). మీటరు లోతున నీరు ఒంటి మీద సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి పెడుతుంది. అంటే మీ పాదాలకీ పిక్కలకీ ఎవరో గట్టిగా పట్టీ చుట్టినట్టే. కాళ్ళలో నిలవున్న రక్తం పైకి తోసుకొస్తుంది. మెడలోతు నీళ్ళలో దాదాపు 700 మిల్లీలీటర్ల రక్తం అదనంగా గుండె, ఊపిరితిత్తుల వైపు చేరుతుంది. గట్టి గుండె దాన్ని నెట్టేస్తుంది. బలహీనపడిన గుండె, అంటే పంపింగ్ తగ్గిందని చెప్పినవాళ్ళది, తట్టుకోలేకపోవచ్చు. అందుకే మీ ఎకో (గుండె స్కానింగు) రిపోర్టు చూపించమనేది. వాళ్ళు సరేనంటే ఛాతీ కన్నా లోతుకి వెళ్ళకండి, బొడ్డుకీ ఛాతీకీ మధ్య చాలు.

బయటికి రాగానే ఆ పట్టీ ఊడిపోతుంది. రక్తం ఒక్కసారి కాళ్ళలోకి జారుతుంది. బీపీ మందు కూడా తోడై కళ్ళు తిరుగుతాయి. నిచ్చెన పట్టుకుని చటుక్కున ఎక్కేయకండి. మెట్లవైపు నడిచి, ఒక్కో మెట్టు మీదా కాసేపు ఆగి, పిక్కల్ని బిగించి వదులుతూ రండి. నాడి లెక్కని కూడా నమ్మొద్దు. నీళ్ళలో అది నిమిషానికి పది పదిహేను తక్కువ చూపిస్తుంది, కొన్ని బీపీ మందులు దాన్ని ఇంకా అణిచేస్తాయి. పక్కవాళ్ళతో ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతున్నారా, అదే మీ కొలత.

షుగర్ ఉంది కాబట్టి ఖాళీ కడుపుతో దిగొద్దు, రెండు చక్కెర బిళ్ళలు ఒడ్డున పెట్టుకోండి. అరికాళ్ళు రోజూ చూసుకోండి. పాదాలు మొద్దుబారినవాళ్ళకి పూల్ అడుగున గరుకు తగిలి చర్మం లేచిపోయినా తెలియదు. రబ్బరు చెప్పుల్లాంటి నీటి బూట్లు దొరుకుతాయి, కొనుక్కోండి. మీ కోసం వెతికితే ఊళ్ళో స్పోర్ట్స్ సామాన్ల షాపులో ఉన్నాయి.

అన్నట్టు, నీళ్ళ కన్నా నాకు భయం ఆ తడిసిన టైల్స్. నడుం బాగుచేసుకుందామని వచ్చి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దాయన్ని నా కళ్ళతో చూశాను.

"నాకు 29. ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం. చిన్నప్పట్నుంచి నాగావళిలో ఈదినవాణ్ణి. నడుం నొప్పికని మళ్ళీ ఏట్లో ఈత మొదలుపెట్టాను. వెనక్కి వంగితే నొప్పి పెరుగుతుంది, ఈదిన రోజు మరీ ఎక్కువవుతోంది. నీళ్ళు మంచివన్నారు కదా?" – శ్రీకాకుళం

తమ్ముడూ, రెండు తప్పులు చేస్తున్నావు.

ఏట్లో ఈదేవాడు తల ఎప్పుడూ నీళ్ళ పైన పెట్టుకునే ఈదుతాడు. ఒడ్డు ఎటుందో చూసుకోవాలి కదా. తల పైకెత్తి కప్పలా ఈదితే నడుం వెనక్కి విల్లులా వంగుతుంది, ప్రతి బారకీ. నీ నొప్పి వెనక్కి వంగితే పెరిగే రకం అని నువ్వే రాశావు. అలాంటివాళ్ళకి వెల్లకిలా ఈత నయం. అదీ పదిహేను రోజులు నడక అయ్యాకే. వంగితే పెరిగే నొప్పి ఉన్నవాళ్ళకి ఈ లెక్క వేరు. అందుకే నడుం నొప్పికి ఫలానా ఈత మంచిదని గంపగుత్తగా ఎవరు చెప్పినా నమ్మకు, నేను చెప్పినా సరే.

రెండోది ఏరు. నువ్వు చిన్నప్పుడు చూసిన నాగావళి కాదది. ఇసుక తవ్విన గోతులు పైకి కనబడవు. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో తల మునుగుతుంది. పైన తోటపల్లి దగ్గర గేట్లెత్తితే, మడ్డువలస నుంచి నీళ్ళొదిలితే, ఇక్కడ ఎండగా ఉన్నా ఏరు పెరుగుతుంది. వంశధార అయినా అంతే. కళింగపట్నం సముద్రంలో ఛాతీ లోతు నడుద్దామని ఇంకొకరు రాశారు. అలలు నడుముని ఇటూ అటూ విసురుతాయి, కాళ్ళ కింద ఇసుక లాగేస్తాయి. నొప్పి ఉన్న మనిషికి అదెలా పనికొస్తుంది? ఊళ్ళలో గెడ్డలూ బందలూ కోనేళ్ళూ కూడా వద్దు. పాచి మెట్లు, అడుగున బురద. మట్టం తెలిసిన చదునైన అడుగు, పట్టుకోవడానికి రాడ్డు, చూడ్డానికి మనిషి, ఈ మూడూ ఉన్నచోటే.

రోజంతా కుర్చీలో ఎలా కూర్చుంటున్నావో ఒక ఫొటో పంపు. నాకెందుకో అసలు దొంగ అక్కడున్నాడనిపిస్తోంది.

"కోడలికి ఆపరేషన్ కాన్పై మూడు నెలలు. నడుం నొప్పి అంటోంది. నీళ్ళలో దింపొచ్చా? బాలింత నీళ్ళలో దిగితే వాతం చేస్తుందని మా పెద్దావిడ గోల." – బొబ్బిలి

కుట్లు పూర్తిగా మానాయని, ఆరు వారాల పరీక్ష సరిగ్గా ఉందని కాన్పు చేసిన డాక్టరు చెప్పి, రక్తస్రావం ఆగిపోయి ఉంటే దింపొచ్చు. వాతం చేయదు. అయితే చల్లటి నీళ్ళకి కండరాలు బిగుసుకుంటాయి, అది నిజం. మీ పెద్దావిడ మాటలో ఆ కాస్తా తీసుకుందాం. చికిత్సకని కట్టిన పూల్స్‌లో నీళ్ళు 33 నుంచి 35 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఈతకని కట్టినవాటిలో 26, 28 దగ్గరుంటాయి. సంక్రాంతి ముందు మన వైపు పొద్దున ఆరింటికి అవి మరీ చల్లన. కాబట్టి చలికాలంలో మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండి, దిగే ముందు నడుం మీద గోరువెచ్చటి నీళ్ళు పోసుకోండి, దిగాక ఊరికే నిలబడకుండా నడుస్తూ ఉండమనండి. అంతకన్నా ముందు, బిడ్డకి పాలిచ్చేటప్పుడు కోడలు ముందుకి వంగి కూర్చుంటోందేమో చూడండి. వీపు వెనక దిండు, ఒడిలో దిండు. సగం నడుం నొప్పి దాంతోనే పోవచ్చు.

"వెయిట్ లిఫ్టింగ్ చేస్తాను. నడుం నొప్పి వచ్చినప్పట్నుంచి రోజంతా బెల్టు పెట్టుకోమన్నారు. పూల్‌లోకి కూడా బెల్టుతోనే దిగాలా?" – నెల్లిమర్ల

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది ఈ మట్టి నుంచే కదా. బరువెత్తే ఆ క్షణంలో పెట్టుకునే బెల్టు వేరు, అది మీ కోచ్ వ్యవహారం. రోజంతా పెట్టుకునే బెల్టు వేరు. దీర్ఘకాలపు మామూలు నడుం నొప్పికి బెల్టులు వాడొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో రాసింది. కట్టుకుని తిరిగితే కండరాలు ఆ పని మనది కాదనుకుంటాయి. పూల్‌లో బెల్టు అసలు వద్దు. అక్కడ నీళ్ళే బెల్టు. బరువులు మళ్ళీ ఎప్పుడెత్తాలో మాత్రం నీళ్ళలో ఎంత బాగుందో చూసి తేల్చొద్దు. నేల మీద ఖాళీ రాడ్‌తో నొప్పి లేకుండా రెండు వారాలు గడవాలి.

"డయాలిసిస్ చేయించుకుంటున్నాను, నడుం నొప్పి. పూల్‌కి వెళ్ళొచ్చా?" – సోంపేట

మెడలోగానీ ఛాతీలోగానీ గొట్టం ఉంటే వెళ్ళకూడదు. ఆ గొట్టం తడవకూడదు, ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పోతుంది. చేతిలో ఫిస్టులా (డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసింది) ఉంటే, అదీ సూది గుచ్చిన చోటు మానిన రోజున, మీ కిడ్నీ డాక్టరు ఒప్పుకుంటేనే. ఈలోగా ఇంట్లో నడకే మేలు.

"పూల్‌కి వెళ్ళాలని ఉంది. ఏం కట్టుకుని దిగాలి? చీరతో దిగనిస్తారా? మగవాళ్ళ మధ్య సిగ్గు." – పార్వతీపురం

ఇలాంటివే పద్నాలుగు ఉత్తరాలొచ్చాయి, అన్నీ ఆడవాళ్ళవే. చీరా నైటీ రెండూ వద్దు. తడిస్తే కాళ్ళకి చుట్టుకుంటాయి, అడుగు పడదు, పడిపోతే లేవనివ్వవు. చుడీదార్ ప్యాంటు కూడా నీళ్ళు పట్టి బరువెక్కుతుంది. మోచేతుల దాకా, చీలమండల దాకా ఉండే నైలాన్ ఈత డ్రెస్సులు దొరుకుతున్నాయి, పైన ఇంకో వదులు షర్టు వేసుకున్నా ఎవరూ కాదనరు. కొప్పు గట్టిగా బిగించి టోపీ పెట్టుకోండి.

సిగ్గు సంగతికొస్తే, ఒక్కరే వెళ్ళి అడిగితే "ఆడవాళ్ళకి వేరే టైం లేదమ్మా" అంటారు. మా వీధిలో ఐదుగురం కలిసి వెళ్ళి, మూడు నెలల ఫీజు ముందే కడతామని చెప్పి అడిగాం. మంగళవారం, శుక్రవారం మూడున్నర నుంచి నాలుగున్నర మాకే ఇచ్చారు. ఇప్పుడు పన్నెండుమందిమి. ఇద్దరికి ఈత కూడా వచ్చేసింది.